ఊళ్ళో మనిషి

సొరపాదు సంగతి లక్కేకి చెప్పాలని జ్ఞానప్రసూన సంత రోజు పొద్దున్నుంచీ ఎదురుచూస్తోంది. చెయ్యి విరిగిన సంగతి ఆ తర్వాత. తీగను పందిరి మీదికి ఎక్కిద్దామని స్టూలు వేసుకుని, తడి నేలలో జారిపడి తొమ్మిది రోజులైంది. కుడిచేతికి మోచేయి దాకా సిమెంటు కట్టు. ఈ తొమ్మిది రోజుల్లో ఆవపల్లిలో కనబడిన ప్రతివాళ్ళూ చేతిని గురించే అడిగారు. పాదు ఏమైందని ఒక్కరూ అడగలేదు.

పది గంటలకు లక్కే వచ్చింది. వాగు అవతల తునికిగూడెంలో ఆమెది నాలుగెకరాల వరి, కాస్త అడవి రాబడి. ఇరవై రెండేళ్ళుగా సంతకు వచ్చిన ప్రతిసారీ, గంప సంతలో దించేలోపల జ్ఞానప్రసూన భర్త రామనాథం కిరాణా దుకాణం వెనక ఉన్న ఈ ఇంటి అరుగు మీద ఒకసారి దించుతుంది. ఇవాళ గంపలో బోడకాకర కాయలు, ఆకులో చుట్టిన పుట్టగొడుగులు ఉన్నాయి.

"ఏంది సావుకారమ్మా, చెయ్యి అట్ల మూట కట్టుకున్నవ్?"

"పడ్డనే. దాని సంగతి తర్వాత చెప్త. ముందు పాదు చూడు. పిందెలన్నీ కుళ్ళి రాలిపోతున్నయి."

లక్కే నవ్వింది. ముందరి పన్ను ఒకటి లేదు కాబట్టి నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పెరట్లో పందిరి కింద నిలబడి ఒక పిందెను గిల్లి చూసింది. నాలుగాకులు తిరగేసి చూసింది. కాడ మొదట్లో వేలుపెట్టి మట్టి పిసికింది.

"పాదుకు రోగం లేదు. ఈ ముసురుకు పురుగూ పుట్రా పువ్వు మీద వాలుతలేవు, అంతే. ఇగో, ఇది మగపువ్వు, ఒట్టి కాడ. ఇది ఆడది, కింద ఇంత పిందె ఉంటది చూడు. పొద్దుగూకేటప్పుడు విచ్చుకుంటయి. మగదాన్ని తెంపి ఆడదానికి రాయి. పిందె నిలుస్తది."

"ఎడమ చేత్తోనా?"

"సేటును రాయమను."

కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని రామనాథం పువ్వుకు పువ్వు రాయడం తలచుకుని ఇద్దరూ పందిరి గుంజ పట్టుకుని నవ్వారు.

పోయిన సంతకు లక్కే రాలేదు కాబట్టి, అరుగు మీద కూర్చున్నాక రెండు వారాల కబుర్లూ అయ్యాయి. లక్కే మోకాలి నొప్పి కలుపు తీసేటప్పుడు ఎక్కువైందట, ఆవు ఈనిందట, కొడుకు కేసా కొత్త చెంబు కొంటే మూడో రోజే వాగులో పోగొట్టుకున్నాడట. జగ్దల్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్న జ్ఞానప్రసూన కూతురు వాసవి రోజూ ఫోన్ చేసి తల్లి చేతి గురించి ఏడుస్తోందట, తల్లేమో కూతురికి అన్నం వండుకోవడం రాదని ఏడుస్తోందట.

"మంగ్లీకి ఎన్నో నెల?"

"నిండినయి. ఆసుపత్రిలో చూపిద్దామని తోలుకొచ్చిన, అక్కడ కూసోబెట్టిన. నువ్వు గూడ రారాదు? బీపీ గోలీలు అయిపోయినయన్నవ్ గద."

ఇద్దరూ కలిసే వెళ్ళారు. లక్కే కోడలు మంగ్లీ వరండాలో బెంచీ చివర కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుంటాయి. తొలి కాన్పు. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని, సావుకారమ్మను చూడగానే లేవబోయింది. లేవొద్దని జ్ఞానప్రసూన సైగ చేసి, ఆ పిల్ల గుడ్డసంచి తన ఎడమ చేత్తో పుచ్చుకుంది.

నర్సు పూనం ఓపికగా చూసింది. కడుపు తడిమింది, బిడ్డ గుండె చప్పుడు విన్నది, కార్డులో రాసింది. తర్వాత లక్కే వైపు తిరిగి, హిందీలో, తొందర లేకుండా చెప్పింది. అంతా బాగుంది. ఇంకో పది రోజులు పట్టొచ్చు, రేపే కావచ్చు. వాగు వస్తే అంబులెన్సు అవతలికి దాటడం కుదరదు. ఈ పది రోజులూ పిల్ల ఇక్కడ, ఊళ్ళోనే ఉంటే మంచిది.

"ఊళ్ళో మీకు ఎవరైనా ఉన్నారా?"

"లేరు దీదీ," అంది లక్కే.

వెంటనే అనేసింది. ఆలోచించలేదు, తడుముకోలేదు. అడిగినదానికి ఉన్న సమాధానం అదే అన్నట్టు అంది. ఆమె మోచేయి జ్ఞానప్రసూన మోచేతికి తగులుతూనే ఉంది. మంగ్లీ గుడ్డసంచి జ్ఞానప్రసూన చేతిలోనే ఉంది.

నర్సు కార్డు మడిచి ఇచ్చింది. నొప్పి ఏమాత్రం మొదలైనా ఆగకుండా బయల్దేరాలని మరోసారి చెప్పింది. మంగ్లీ వంగలేక పాదంతో చెప్పులు వెతుక్కుంటుంటే లక్కే వంగి తొడిగింది. జ్ఞానప్రసూన సంచి అందించింది. నోరు తెరుద్దామనుకుంది. వాళ్ళప్పటికే మెట్లు దిగుతున్నారు.

ఆ సాయంత్రం రామనాథం నిజంగానే సొరపువ్వు తెంపుకొచ్చి "ఇది మగదా ఆడదా?" అని అడిగాడు. ఆమె నవ్వలేదు.

"చెయ్యి నొప్పా?"

"కాదు." జరిగింది చెప్పింది.

ఆయన పువ్వును అరచేతిలో పెట్టుకునే విన్నాడు. "మన ఇంట్లో పెట్టుకోమని ఆమె అడిగిందా?"

"అడగలేదు."

"మరి నీకేంది బాధ?"

"అడగలేదనే. పక్కన నన్ను పెట్టుకుని ఎవరూ లేరన్నది. కోపంతో అన్నా బాగుండు. మామూలుగా అన్నది."

రామనాథం తన లెక్కలో తాను చెప్పాడు. పురుడంటే మాటలు కాదు, నీకు చూస్తే ఒంటి చెయ్యి, పక్క గదిలో చింతపండు బస్తాలు, పైగా మన ఇంటి పద్ధతులు వేరు, వాళ్ళవి వేరు, వాళ్ళకే ఇబ్బంది.

"ఆ గదిలో చింతపండు నాలుగు నెలలు ఉంటది. మనిషి పది రోజులు ఉండొద్దా?"

ఆయన పెరట్లోకి వెళ్ళి, ఉన్న ఆడపువ్వులన్నిటికీ ఒక్కొక్కదానికీ మగపువ్వు రాసి వచ్చి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. అన్నం కలిపి ఒక్కొక్క ముద్దా చెంచాలోకి సర్ది ఆమెకు అందించాడు, తొమ్మిది రోజులుగా చేస్తున్నట్టే. పడుకునే ముందు మాత్రం "ఆ గదికి పై కప్పు కారుతది గద?" అన్నాడు.

తెల్లవారి ఆమె లేచేసరికి పక్క గదిలోంచి బస్తాలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. రామనాథం పంచె ఎగగట్టి, పై కప్పు కారే మూలకు టార్పాలిన్ ముక్క దోపి, చివరి బస్తాను మోకాలితో తోస్తున్నాడు. ఎనిమిది గంటలకు నడుం పట్టుకుని కూర్చున్నాడు.

గదైతే ఖాళీ అయింది. చెప్పేదెలా? తునికిగూడెంలో ఫోన్ పలకదు. మళ్ళీ సంతకు ఆరు రోజులుంది. మధ్యాహ్నానికల్లా రేషన్ బియ్యం వేసుకుని ట్రాక్టర్ అటు పోతోందని దుకాణంలో తెలిసింది. నడిపేది హిడ్మా. జ్ఞానప్రసూన బీపీ బిళ్ళలు కొంగున ముడేసుకుని, ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, బియ్యం బస్తాల మీదికి ఎక్కింది. రామనాథం వద్దనలేదు. కూర్చోవడానికి ఒక ఖాళీ గోనెసంచి మడిచి వేశాడు.

వాగులో అప్పుడు పిక్కల లోతు నీళ్ళే ఉన్నాయి.

"ఎవరింటికమ్మా?" అన్నాడు హిడ్మా, దాటాక.

"లక్కే ఇంటికి."

"ఏ లక్కే? మా ఊళ్ళె నలుగురున్నరు."

ఆమెకు ఇంటిపేరు తెలియదు. ఇరవై రెండేళ్ళలో అడగలేదు. లక్కే జ్ఞానప్రసూన ఇంట్లో ఏ అటక మీద ఏ డబ్బా ఉందో చెప్పగలదు. తనకు ఆ మనిషి ఇంటిపేరు రాదు.

"కోడలు మంగ్లీ. నిండు చూలాలు," అంది మెల్లగా.

"మా కేసా వాళ్ళమ్మనా! అట్ల చెప్పు."

లక్కే ఇల్లు ఊరి చివర. వెదురు దడి, ఎర్రమట్టి అలికిన గోడలు. దడి తలుపు తీసి జ్ఞానప్రసూన అక్కడే ఆగిపోయింది. వాకిలి పొడవునా కనకాంబరం వరస. మూలన గుబురుగా నందివర్ధనం. అవతల కర్రకు పాకిన బచ్చలి, దాని పక్కన మనిషెత్తు కరివేపాకు. అన్నీ తన పెరటివే. తన పెరట్లో సగం ఎత్తు కూడా లేవు.

"నువ్వు కత్తిరించి పారేసిన కొమ్మలే," అంది లక్కే, చేటతో బయటికి వస్తూ. చేట పట్టుకునే నిలబడిపోయింది. "నువ్వేంది? ఏమైంది? సేటుకు బాగుందా?"

"అందరికీ బాగుంది. నిన్ను చూడనీకి వచ్చిన."

లక్కే ఒక్క క్షణం ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడింది. మరుక్షణం చెంబుతో నీళ్ళు తెచ్చి, తానే వంగి అతిథి కాళ్ళ మీద పోసింది. మంచం వాల్చింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు ముగ్గురు దడి మీదుగా తొంగి చూస్తే తమ దొర్లి భాషలో ఏదో చెప్పింది. అందులో 'అక్క' అన్న మాట జ్ఞానప్రసూనకు తెలిసింది.

"ఏమని చెప్పినవ్?"

"మా అక్క అని చెప్పిన. సావుకారమ్మ అంటే ఇక్కడ ఎవరికి ఎరుక?"

ముగ్గురూ లోపలికి వచ్చి సిమెంటు కట్టును వేలితో కొట్టి చూశారు. అందులో ఒక ముసలామె, లోపల చెయ్యి ఉందా లేక తీసేశారా అని అడిగింది. వేళ్ళు ఆడించి చూపిస్తే గానీ నమ్మలేదు.

వాళ్ళు వెళ్ళాక లక్కే కొత్త కుండ ఒకటి దించి అన్నం ఎక్కించింది. "దీనికి నీచు తగల్లేదు. భయపడకు," అంది. జ్ఞానప్రసూన ఇంట్లో మాంసం, గుడ్డు వండరని ఆమెకు తెలుసు. పప్పులో బచ్చలి వేసింది. అన్నం ఉడికేలోపల చేట తీసుకుని రాత్రి వంటకు బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. జ్ఞానప్రసూన ఎదురుగా కూర్చుంది.

"నిన్న సిస్టర్ అడిగితే ఊళ్ళో ఎవరూ లేరన్నవ్."

లక్కే వేళ్ళు ఆగలేదు. "అన్న."

"నేను పక్కనే ఉన్న గద."

"ఉన్నవ్."

"మరి ఎందుకన్నవే అట్ల?"

లక్కే ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. "ఉన్నరంటే నీ దిక్కు చూడాలె. చూస్తే నీ మొగం ఎట్లుంటదో నాకేం ఎరుక? ఇన్నేండ్ల సంది మంచిగున్నం. ఒక్కసారి చూసి దాన్ని చెడగొట్టుకునుడెందుకని."

తన మొహం అప్పుడు ఎలా ఉండేదో జ్ఞానప్రసూనకూ తెలియదు. బాగానే ఉండేదని ఒట్టేసి చెప్పలేదు.

"నేనే అనాల్సింది. నోరు రాలే."

"విరిగింది చెయ్యి అన్నరు. నోరు గూడ విరిగెనా?"

లక్కే పక్కున నవ్వి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జ్ఞానప్రసూనకు నవ్వూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. కొంగు అందక సిమెంటు కట్టుతోనే తుడుచుకోబోతే గరుగ్గా గీసుకుంది.

"పక్క గది ఖాళీ చేసినం. మంగ్లీని, నిన్ను తీసుకపోనీకి వచ్చిన."

"సేటు?"

"బస్తాలు మోసింది సేటే. నడుం పట్టేసి కూసున్నడు."

లక్కే చేట పక్కన పెట్టింది. లేచి అన్నం కుండ దించింది. "దాన్ని అడుగు. కడుపు దానిది," అంది చివరికి.

గోడకు ఆనుకుని అన్నీ వింటున్న మంగ్లీ అడగకముందే చెప్పింది. "వస్త పెద్దత్తా. నిన్న వాగు దాటుతుంటే నాకు భయమైంది. అత్తకు చెప్పలే."

బట్టలు మూట కట్టుకునే లోపలే హిడ్మా పరుగెత్తుకొచ్చాడు. ఇక్కడ చుక్క పడలేదు గానీ పైన కొండల్లో కురిసినట్టుంది, వాగు నడుం దాటి వచ్చేసింది. ట్రాక్టర్ పోదు. రేపటికి తగ్గితే చూడాలి.

మంగ్లీని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి ఆ రోజుకు లక్కే ఇంట్లో ఉండిపోయింది. కేసా దిబ్బ ఎక్కి, అక్కడ ఒక చింతచెట్టు దగ్గర మాత్రమే పలికే ఫోన్‌లో రామనాథానికి చెప్పి వచ్చాడు.

"తిట్టిండా?" అంది జ్ఞానప్రసూన.

"లే. బిళ్ళ వేసుకోమన్నడు. మూడు పిందెలు నిలిచినయని చెప్పమన్నడు."

చీకటి పడకముందు లక్కే ఆమెను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి జడ విప్పింది. పది రోజులుగా ఆ జుట్టుకు దువ్వెన సరిగా పడలేదు. రామనాథం రోజూ ప్రయత్నించి రబ్బరుబ్యాండు వేసి వదిలేస్తున్నాడు. లక్కే ఇప్పనూనె రాసి, చిక్కు చిక్కుకూ ఆగి, కుదుళ్ళు లాగకుండా వేలితో నొక్కి పట్టి దువ్వింది. నడుం దగ్గర జారుతున్న చీరకు మళ్ళీ కుచ్చిళ్ళు పెట్టి దోపింది. ఉన్న ఒక్క మంచం ఆమెకిచ్చింది. వద్దంటే, "నీ ఇంటికొస్తే నువ్వు చెప్పినట్ల వింట. ఇక్కడ నేను చెప్పినట్ల వినాలె," అంది.

తెల్లవారేసరికి వాగు తగ్గింది. మంగ్లీకి నడుంలో నొప్పి మొదలైంది.

ట్రాక్టర్ తొట్టిలో వరిగడ్డి పరిచి బొంత వేశారు. లక్కే కోడలి వెనక కూర్చుని వీపు ఆనించుకుంది. జ్ఞానప్రసూన ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి ఇచ్చింది. నొప్పి వచ్చినప్పుడల్లా మంగ్లీ ఆ చేతిని పిండేస్తోంది. కేసా ముందు నీళ్ళలోకి దిగి కర్రతో లోతు చూస్తూ నడిచాడు. వాగు మధ్యలో ముందు చక్రం గుంటలో పడి ట్రాక్టర్ ఒక పక్కకు ఒరిగింది. ఎర్రనీళ్ళు తొట్టిలోకి ఎగజిమ్మాయి. జ్ఞానప్రసూన ఏమీ ఆలోచించకుండా సిమెంటు చేతిని తొట్టి అంచుకు అడ్డం పెట్టి, తన ఒళ్ళంతా మంగ్లీకి ఆనించి ఆపింది. హిడ్మా తిట్టుకుంటూ గేరు మార్చాడు. ఇంజను రెండుసార్లు ఉక్కిరిబిక్కిరై మూడోసారి గట్టిగా అరిచింది. ఒడ్డు ఎక్కాక మొదట మాట్లాడింది మంగ్లీయే.

"పెద్దత్తా, నీ కట్టు నానిపోయింది."

"పోనీ. నువ్వు ఊపిరి పీల్చు."

ఆసుపత్రిలో పూనం వాళ్ళ అవతారాలు చూసి ముందు మంగ్లీని లోపలికి తీసుకుపోయింది. తర్వాత బయటికి వచ్చి మెత్తబడిన కట్టును చూసి, "ఇది మళ్ళీ వేయించుకోవాలి. వాగులో ఈత కొట్టారా?" అని కోప్పడింది. మధ్యాహ్నం రెండు దాటాక ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు కాస్త తక్కువ. బిడ్డను లక్కే చేతుల్లో పెట్టారు. లక్కే ఆ మొహాన్ని చూసుకుని, చూసుకుని, తెచ్చి జ్ఞానప్రసూన ఎడమ మోచేతి మడతలో పడుకోబెట్టింది.

మూడో రోజు తల్లీబిడ్డా పక్క గదికి వచ్చారు. వాగు మళ్ళీ నిండింది. అది తగ్గేదాకా ఇక్కడే అని రామనాథమే అన్నాడు. గదిలో ఇంకా చింతపండు వాసన పోలేదు. మంగ్లీకి ఆ వాసన నచ్చింది, నోరూరుతోందని అత్తతో చెప్పి నవ్వింది.

నాలుగో రోజు పొద్దున, మెడలోతు నీళ్ళలో ఈదొచ్చాడో, పైనెక్కడైనా చుట్టూ తిరిగొచ్చాడో, ఊరికి తిరిగి వెళ్ళిన కేసా దుకాణం ముందు ప్రత్యక్షమయ్యాడు. చంకలో ఎర్రకోడి. బాలింతకు చారు కాచి పొయ్యడానికి తెచ్చాడు. లక్కే పరుగున వచ్చి కొడుకును దొర్లిలో కేకలేసింది. ఈ ఇంట్లో అవి తినరనీ, వెంటనే తీసుకుపొమ్మనీ. కేసా కోడిని ఒక చంకలోంచి మరో చంకలోకి మార్చుకున్నాడు గానీ కదల్లేదు.

రామనాథం గల్లా మీదినుంచి చూశాడు. "ఏంది?"

"ఏం లేదు సేటూ. తెలవక తెచ్చిండు," అంది లక్కే.

"బాలింతకు," అంది జ్ఞానప్రసూన గుమ్మంలోంచి.

రామనాథం కోడిని చూశాడు. కోడి కూడా ఆయన్ని చూసినట్టే ఉంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పెరట్లో, చివర గోడ వేపుకు. మూడు రాళ్ళు పెట్టుకోండి," అన్నాడు. "మా గిన్నెలు ముట్టొద్దు. దుకాణంలో కొత్త గిన్నె ఉంది, తీసుకోండి. కట్టెలు తడిసినయి, పొడివి నేను తెస్త."

లక్కే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి నవ్వడానికి కాదు.

పెరటి చివర పొయ్యి అంటుకుంది. కేసా చెయ్యాల్సిన పని అటు దూరంగా వెళ్ళి చేసుకొచ్చాడు. లక్కే అల్లం, మిరియాలు నూరి వేసింది. నీళ్ళు మరగడం మొదలైందో లేదో సన్నగా చినుకులు పడ్డాయి. లక్కే కంగారుగా మంట మీదికి వంగింది. ఇంతలో రామనాథం ఇంట్లోంచి నల్ల గొడుగు తెచ్చి విప్పి, ముక్కుకు కండువా అడ్డం కట్టుకుని, మొహం అవతలికి తిప్పుకుని, చెయ్యి బార చాపి గిన్నె మీద గొడుగు పట్టాడు. ఆయన వీపు మీద చినుకులు పడుతున్నాయి.

పక్కింటి చక్రధరరావు ప్రహరీ మీదినుంచి తల ఎత్తాడు. ఆయనదీ రామనాథం కులమే, గుళ్ళో పక్కపక్కన కూర్చునేవాళ్ళే. వాసన పీల్చి, గొడుగును చూసి, గొడుగు కింద ఉన్నదాన్ని చూశాడు.

"ఏమయ్యా రామనాథం, మీ పెరట్ల ఏందది?"

"బాలింతకు చారు," అన్నాడు రామనాథం కండువాలోంచి.

"బాలింతనా? ఎవరి బాలింత?"

లక్కే చేతిలో గరిటె ఆగింది. గుమ్మంలో బిడ్డనెత్తుకున్న జ్ఞానప్రసూన అక్కడే నిలబడింది.

"మా ఇంటి బాలింత," అన్నాడు రామనాథం.

గాలి తిరిగి పొగంతా ఆయన మొహానికి కొట్టింది. ఆయన దగ్గాడు, గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు, "మంట తగ్గుతున్నది, చూడు," అని లక్కేను గదమాయించాడు.